మెలకువ కాపలా

పెనుకొండ స్టేషన్‌లో మీటరు గేజి బండి దిగేసరికి ఉదయం ఏడు దాటింది. మాఘమాసం. గాలి చల్లగా, పొడిగా ఉంది. నా సామాను ఒక నల్ల ట్రంకు, ఒక హోల్డాలు, ఒక నీళ్ళ సీసా. భుజాల మీద రెండేసి నక్షత్రాలు. స్టేషన్ బయట పచ్చ లారీ ఆగి ఉంది. దాని ముందు నిలబడ్డ సిపాయి నన్ను చూశాడు, నా వెనక చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"లెఫ్టినెంట్ సాబ్ ఈ బండికి రాలేదామ్మా?"

"నీ ముందరే నిలబడుకోని ఉండాది. ట్రంకు ఎత్తు."

సెల్యూట్ కొట్టబోయి నోట్లో బీడీ మింగినంత పని చేశాడు. అతనే నా వార్డుకు నర్సింగ్ అర్దలీ. మడకశిర మనిషి. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు. నాది హిందూపురం కాబట్టి నాకు రెండు కొసలూ అర్థమయ్యేవి.

ఒక సంగతి ఇక్కడే తేల్చుకుందాం. "మీరు నర్సు గదా, సైనికుల లెక్కలో ఎట్లా వస్తారు?" అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. అడిగేవాళ్ళు ఊరి పొలిమేర దాటని మగవాళ్ళు. నేను కమిషన్ తీసుకున్న ఆఫీసరును. జీతం, బదిలీ, శిక్ష అన్నీ సైన్యం నిబంధనల కిందే. తుపాకీ పట్టలేదు, నిజమే. తుపాకీ పట్టినవాళ్ళు చివరికి చేరే చోట నిలబడ్డాను. వాదన అయిపోయింది.

క్యాంపు కొండ కింద ఉండేది. పైన పాత కోట గోడలు, కింద బండరాళ్ళ గుండ్లు, మధ్యలో మా గుడారాలు. నీడ అంటే రెండు వేపచెట్లు. నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. ఎండలు ముదిరాక పొద్దున తొమ్మిదికే గుడారం గుడ్డ కాలేది. మధ్యాహ్నం గాలి లేస్తే ఉడకబెట్టిన సిరంజిల మీద కూడా దుమ్ము పడేది. చైనా యుద్ధంలో మంచుకు కాళ్ళూ వేళ్ళూ పోగొట్టుకున్న జవాన్లను బెంగుళూరు ఆస్పత్రి నుంచి ఇక్కడికి పంపారు. పుళ్ళు మానాయి, ఇక నడక నేర్చుకోవాలి. కాగితం మీద మా డ్యూటీ అంతే.

కాగితం మీద లేనిది మా కెప్టెన్ డాక్టరు మొదటిరోజే చెప్పాడు. తమిళుడు, నాకంటే చిన్నవాడు, నాకంటే ఎక్కువ అలసిపోయినవాడు. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం, ఇంగ్లీషులోనే పోట్లాడుకునేవాళ్ళం.

"పుళ్ళు మానాయి సిస్టర్. సూది మానలేదు" అన్నాడు. "నెలల తరబడి నొప్పికి మార్ఫియా ఇచ్చాం. ఇప్పుడు నొప్పి పోయింది, మార్ఫియా కావాలన్న కోరిక మిగిలింది. మనమిచ్చిందే. మనమే మాన్పించాలి."

మత్తుకు బానిస అంటే సారా అంగడి ముందు పడి ఉండేవాడని మనవాళ్ళ నమ్మకం. నా వార్డులో ఉన్నవాళ్ళలో ఒక్కడూ తన చేత్తో సూది పొడుచుకోలేదు. పొడిచింది మేము. అప్పుడది తప్పూ కాదు. నల్లబడిన కాలి వేళ్ళను కోసి తీసేటప్పుడు మార్ఫియా ఇవ్వని డాక్టరు మనిషే కాదు. కాని ఒంటికి న్యాయం తెలియదు. రోజూ దొరికింది ఒకరోజు దొరక్కపోతే ముందు ఆవలింతలు వస్తాయి. తర్వాత కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు. రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కడుపు మెలిపెడుతుంది, విరేచనాలు. కాళ్ళు వాటంతట అవే తన్నుకుంటాయి. లేని వేళ్ళు కూడా నొప్పి పెడతాయి. బలవంతుడైన హవల్దారు ఒకడు నా కొంగు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మర్నాడు నా ముఖం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుడారంలో గోడ లేదు, గుడ్డ వైపు తిరిగాడు.

అందుకని ఒక్కసారిగా ఆపకుండా వారం వారం కొంచెం తగ్గించేవాళ్ళం. తగ్గించిన రోజు వార్డంతా తిట్లు. నేనూ తిట్టేదాన్ని. తిట్టుకు తిట్టు పడితే సగం మంది ఆ పూట దాటేసేవారు.

వార్డులో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు, ఊరే పేరు. ధర్మవరం అని పిలిచేవాడు ఇంజనీర్ల రెజిమెంటులో లాన్స్ నాయక్. పట్టుచీరలు నేసే ఇంటివాడు. కుడికాలి వేళ్ళు అయిదూ పోయాయి, ఎడమకాలివి రెండు. వాడి దిగులు నడక గురించి కాదు.

"మగ్గం గుంతలో కాళ్ళు ఆడాల సిస్టర్. పలకలు తొక్కేది కాలి యేళ్ళతోనే. చేతులుండి ఏం జేసుకునేది?"

"మడమతో తొక్కు."

"మీరెప్పుడన్నా మగ్గం తొక్కినారా?"

"నువ్వెప్పుడన్నా మడమతో తొక్కి చూసినావా?"

నవ్వాడు. మందు మానితేనే డిశ్చార్జి. డిశ్చార్జి అయితేనే మగ్గం. వాడు కొండల్లో ఉండగా ఇంటి దగ్గర కూతురు పుట్టింది, ఇంకా చూడలేదు. వాడికి ఉన్నదంతా ఆ మగ్గం, ఆ బిడ్డ. మధ్యలో అడ్డం మేమిచ్చే సూది.

వాళ్ళమ్మ ప్రతి ఆదివారం ధర్మవరం నుంచి బండికి వచ్చేది. సన్నటి మనిషి, పట్టుదారం తీసీ తీసీ చూపుడువేలు కాయ కాసింది. నడుముకు మూట. మూటలో నువ్వులుండలు. కొడుకు తింటుంటే పక్కన గొంతుక్కూర్చుని చూసేది. కోడలు రాలేదేమంటే, "అదీ వస్తే దారం కండెలెవరు సుడతారమ్మా? చీర మగ్గం దిగేదెప్పుడు?" అనేది.

మార్చి చివరికొచ్చేసరికి ధర్మవరం లెక్క తప్పాడు. మందు తగ్గించిన వారంలో అందరూ అల్లాడుతుంటే వీడు ఆదివారం సాయంత్రం నుంచి రెండురోజులు హాయిగా ఉండేవాడు. బుధవారం నుంచి అందరికంటే ఎక్కువ అల్లాడేవాడు. మలబద్ధకం తగ్గలేదు. కంటిపాపలు చిన్నవిగానే ఉన్నాయి. కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఎవరో మందు అందిస్తున్నారు. మీ అర్దలీ మీద నాకు అనుమానంగా ఉంది."

"ఆ మందు పెట్టె తాళంచెవి నా మెడలో ఉంటుంది సార్. అనుమానించాలంటే నన్నే అనుమానించండి."

"నేను ఆ మాట అనలేదు."

"అనండి మరి. అర్దలీ అయితే సులభం, ఆఫీసరైతే కష్టమా?"

కెప్టెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వాదనలో ఓడినప్పుడు అలా చేసేవాడు. సంగతి మాత్రం తేలలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం తేలింది. పొద్దుటి నుంచే ధర్మవరం మంచం మీద నిలవలేకపోయాడు. కడుపు పట్టుకుని నేల మీద దొర్లాడు. పదకొండుకు కెప్టెన్ చూసి, జాలిపడి, ఆ వారం తగ్గించిన మోతాదును పక్కనబెట్టి పాత మోతాదు సూది ఇమ్మన్నాడు. ఇచ్చాను. మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చింది. నేను పక్క గుడారంలో కట్లు మారుస్తున్నాను. రెండుకు అర్దలీ పరుగెత్తుకొచ్చాడు.

"సిస్టర్ సాబ్, ధర్మవరం గురక ఏమో బేరే తీరుగా ఉండాది. బేగ రండి."

వెళ్ళేసరికి వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెదవులు నేరేడుపండు రంగు. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య నేను ఒక వాక్యం పూర్తిచేయగలను. కంటిరెప్ప ఎత్తాను. పాప గుండుసూది మొనంత. పక్కన వాళ్ళమ్మ కొంగుతో విసురుతోంది.

"ష్... ఇప్పుడే కన్ను మూసినాడు బిడ్డ. లేపద్దమ్మా."

"ఏం పెట్టినావు వీనికి?"

"నువ్వులుండ."

"నువ్వులుండలో?"

"నల్లమందు" అంది. పప్పులో ఉప్పు వేశానన్నట్టే అంది. "పోయిన వారం వొణకతా ఉన్న్యాడు పాపం, సాలలేదు. ఈ తూరి రెండింతలు పెడితిని."

"ఎప్పట్నుంచి పెడతాండావు?"

"వచ్చిన కాణ్నుంచి. మా పక్కింటి ముసలాయప్పకు నల్లమందుకు సర్కారు పర్మిట్టు ఉండాది, అడిగితే గిల్లి ఇస్తాడు. మీరెప్పుడన్నా అడిగితిరా, నేను సెప్పకపోతినా?"

అడగలేదు. బయటి తిండి తేరాదని గేటు దగ్గర బోర్డు ఉంది, ఇంగ్లీషులో ఒకటి, హిందీలో ఒకటి. ఆమె చదవగలిగిన భాషలో లేదు. ఆమెకు ఏ భాషా చదవడం రాదనుకోండి, అది వేరే సంగతి.

చదువరులకు తెలియకపోతే చెబుతున్నాను. మార్ఫియాను తీసేది నల్లమందు నుంచే. అమ్మ పెట్టిందీ డాక్టరు పొడిచిందీ ఒకటే. ఆ పూట ఇద్దరి దయా ఒకే ఒంట్లో కలిసింది.

కెప్టెన్ వచ్చాడు, చూశాడు. ఫీల్డ్ టెలిఫోన్ పిడి తిప్పాడు. నాకు ఈ కొస మాటలే వినబడ్డాయి.

"బెంగుళూరు ఆస్పత్రి. అర్జెంట్... విరుగుడు మందు ఉందా?... ఎన్ని ఆంపూల్స్?... బండి వద్దు, జీపులో పంపండి... ఆరుకా? ఇంకా ముందు రాలేరా?... సరే. ఆరు."

ఫోను పెట్టి నావైపు తిరిగాడు. "ఆరు దాకా వీడిని నిద్రపోనివ్వకూడదు. నిద్రపోయాడా, ఊపిరి మర్చిపోతాడు. నడిపించండి."

లేవదీశాం. ఒక భుజం కింద అర్దలీ, ఒక భుజం కింద నేను. బూట్లు లేవు, కట్లు విప్పి ఎక్కువ రోజులు కాలేదు. గుడారం బయట ఏప్రిల్ ఎండ. నేల పెనంలా ఉంది. కాలుతుందని తెలిసే నడిపించాం. నొప్పి కూడా ఆ పూట మాకు మందే. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

"మంచులో కాళ్ళు పాయె, ఇప్పుడు ఎండలో పానం తీస్తారా? నిద్రపోయే బిడ్డను కుళ్ళబొడిసి తిప్పుతాండావే, నువ్వు ఆడదానివేనా?"

"ఆడదాన్నే. చెయ్యి ఇట్ల ఇయ్యి."

ఆమె అరచేతిని వాడి రొమ్ము మీద పెట్టి నొక్కిపట్టాను.

"ఊపిరి వస్తే చెప్పు."

నిలబడింది. వాడి ముఖం చూసింది, నా ముఖం చూసింది. పెదవులు కదిలాయి.

"రాలేదే..."

"రాదు. నువ్వు పెట్టింది నిద్ర కాదు. పిలువు వాన్ని. మా గొంతు వాడు వినడు."

అప్పటిదాకా మేము అరిచిన అరుపులకు వాడు కన్ను తెరవలేదు. కంగారులో నేను ఇంగ్లీషులో అరిచాను, అర్దలీ రెండు భాషల్లో అరిచాడు, కెప్టెన్ చెంపల మీద కొట్టాడు. ఆమె ఒక్కసారి గొంతెత్తింది.

"ఒరే ఓబులేసూ! పడుగు తెగిందిరా! లెయ్!"

రెప్పలు కదిలాయి.

"లెయ్ రా! కండెలు అయిపోయినాయి! సావుకారి మనిషి వచ్చి వాకిట్లో కూసున్న్యాడు, చీర యాడ అంటాండాడు, ఏమి సెప్పాల్రా?"

"కూసో... మను" అన్నాడు వాడు.

అర్దలీ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకోబోయాడు కాని చెయ్యి ఖాళీ లేదు.

మధ్యాహ్నమంతా జెండా కొయ్య చుట్టూ తిరిగాం. అలిసిపోతే కెప్టెన్ నా చోటికి వచ్చేవాడు, మిగతా జవాన్లు కర్రల మీద నిలబడి వంతులకు వచ్చారు. కాళ్ళు లేనివాళ్ళు మంచాల మీద కూర్చుని "ధర్మవరం, చలో!" అని పాడారు. వాడు ఒకసారి పూర్తిగా వాలిపోయాడు. బోర్లా పడుకోబెట్టి, వీపు నొక్కి, చేతులు ఎత్తి, నేనే ఊపిరి ఆడించాను. అంతసేపూ ఆమె వాడి చెవి దగ్గర పిలుస్తూనే ఉంది. వాడి చిన్నతనం తిట్లు, మగ్గం తిట్లు, చచ్చిపోయిన వాళ్ళ నాయన పేరు. ఆమె గొంతు పోయింది. గొంతు పోయాక చేత్తో వాడి వీపు మీద చరుస్తూ, మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు నోటితో చేసింది. టక్, టక్, టక్. దానికీ వాడు కదిలాడు.

జీపు ఆరు దాటాక వచ్చింది. సూది ఇచ్చాక కొన్ని నిమిషాల్లోనే ఊపిరి తిరిగింది, పెదవుల రంగు మారింది. దాని వెంటే నరకం వచ్చింది. ఆ విరుగుడు మందు ప్రాణం నిలబెడుతుంది గాని, ఒంట్లో ఉన్న మత్తునంతా ఒక్క దెబ్బకు వెళ్ళగొడుతుంది. వాంతులు, విరేచనాలు, వణుకు. వాడు నన్ను అనరాని మాట అన్నాడు. నేను దాన్ని కోలుకున్న గుర్తు కింద జమకట్టాను.

రెండోరోజు వాడికి మాట నిలబడింది. నేను సూటిగా అడిగాను. "ఉండలో ఏముందో నీకు తెలుసా?"

"మొదట తెలీదు. తరవాత తెలిసింది" అన్నాడు. "తిన్నంక కాళ్ళు ఊరుకుంటాన్న్యాయి సిస్టర్. అమ్మ తెచ్చింది గదా, అమ్మ చెడ్డకు పెడతాదా అనుకుంటి."

వాళ్ళమ్మ మంచం కింద నేల మీద కూర్చుని ఉంది. ఊరికి పోలేదు. బొంగురు గొంతుతో నాతో వాదానికి దిగింది. నాకు సరిజోడు దొరికిందనుకున్నాను.

"నువ్వు సెప్పేది నాకు పట్టడంల్యా. ఇది విషమైతే నా బిడ్డలందరూ సచ్చిపోయుండాల. వీన్ని నేను దీంతోనే పెంచితిని. మగ్గం కాడ కండెలు సుట్టాల, రాట్నం తిప్పాల, బిడ్డ ఏడిస్తే దారం తెగుతాది. ఆవగింజంత నాలిక్కి రాస్తే పొద్దుగూకేదాకా నిద్రపోతాది. మా ఈదిలో అందరూ రాస్తారు. ఇప్పుడు వీని కూతురికీ రాస్తాండాం. ఏమాయె? రాయి మాదిరి నిద్రపోతాది, ఏడుపనేదే ల్యా."

ధర్మవరం మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లో వాడు తనంతట తాను లేవడం అదే మొదలు.

"యా కూతురికి?"

"నీ కూతురికే. ఇంగెవురికి?"

వాడు మళ్ళీ పడుకోలేదు. సాయంత్రం నన్ను పిలిచి, బిడ్డను తీసుకొని రమ్మని కబురు పెట్టమన్నాడు. అర్దలీ వెళ్ళాడు. మర్నాడు కోడలు బిడ్డనెత్తుకొని వచ్చింది. పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు పిల్లకు, భయపడి అత్త వెనక నక్కింది.

బిడ్డకు తొమ్మిది నెలలు దాటాయి. చూస్తే మూడు నెలల పిల్లలా ఉంది. చర్మం మడతలు పడింది, పొట్ట మాత్రం గట్టిగా ఉబ్బి ఉంది. రోజుల తరబడి విరేచనం కాదట. పాలు తాగడం మొదలుపెట్టి మధ్యలో నిద్రపోతుందట. నేను పాదం మీద వేలితో కొట్టాను. ఏడవలేదు. గట్టిగా గిల్లాను. పెదవి వంకర తిప్పి మళ్ళీ నిద్రలోకి జారింది. వార్డులో అందరూ చూస్తున్నారు. తగ్గించిన మందుకు అల్లాడిన మగవాళ్ళంతా ఆ బిడ్డ ఏమిటో నాకంటే ముందే తెలుసుకున్నారు.

ధర్మవరం నా టార్చి అడిగి తీసుకున్నాడు. బిడ్డ రెప్పను బొటనవేలితో మెల్లగా ఎత్తి, నేను రోజూ వాడికి చేసినట్టే వెలుతురు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి నా కండ్లే సిస్టర్" అన్నాడు.

వాళ్ళమ్మ ముందుకు వంగి చూసింది. టార్చి వెలుతురులో ఆమెకు ఏం కనబడిందో నాకు తెలియదు. ఎవరితోనూ వాదించకుండా బయటకు వెళ్ళి వేపచెట్టు కింద కూర్చుంది.

బిడ్డకు కూడా ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చి పోయే ప్రమాదం ఉంది. కెప్టెన్ చుక్కల మందు రాశాడు, వారానికి ఇన్ని చుక్కలు తగ్గించాలని. జవాన్ల క్యాంపులో పసిబిడ్డను చేర్చుకునే నిబంధన లేదు. నేను నిబంధనల గురించి మాట్లాడబోతే కెప్టెన్ చెయ్యెత్తాడు. "ఈ ఒక్కసారికి వాదించొద్దు సిస్టర్. నేను ఒప్పుకుంటున్నాను."

తండ్రీ కూతుళ్ళకు ఒకే గుడారంలో మందు తగ్గింది. వాడు వణికే రాత్రి అది నిద్రపోయేది, అది ఏడ్చే పగలు వాడు ఎత్తుకొని కర్ర పట్టుకుని తిరిగేవాడు. మే నెల ఎండకు గుడారం నిప్పుల పెట్టె. వార్డంతా విసుక్కుంది, తిట్టింది, ఆ ఏడుపుకు నిద్ర చెడిందని నామీద కేకలేసింది. బిడ్డ మొదటిసారి నా చేతిని గట్టిగా కొరికిన రోజు అర్దలీ టీ పంచాడు. ధర్మవరం ఆఖరి సూది మాన్పించి డిశ్చార్జి కాగితం మీద కెప్టెన్ సంతకం పెట్టేసరికి మే చివరికొచ్చింది.

జూన్‌లో క్యాంపు ఎత్తేశారు. నా సర్వీసు గడువూ ముగిసింది. అందరూ కోలుకున్నారని మీరు అనుకోవద్దు. హవల్దారు ఊరికి చేరిన నెలకే మళ్ళీ మొదలుపెట్టాడని కెప్టెన్ రాశాడు. మరొకరి సంగతి రాయలేదు, నేను అడగలేదు.

హిందూపురం ఒకవైపు, ధర్మవరం ఒకవైపు. నేను ఇంటికి పోయే బండి ఎక్కకుండా ముందు అటు బండి ఎక్కాను. వాళ్ళ వీధి దొరకడం కష్టం కాలేదు. రెండువైపులా ఇళ్ళల్లో మగ్గాల చప్పుడు. నడుస్తుంటే ఒక సంగతి చెవికి తగిలింది. ఇన్ని ఇళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు, ఎక్కడా పసిపిల్లల ఏడుపు లేదు. వీధంతా బిడ్డలు పగటిపూట నిద్రపోతున్నారు. ఒక్క ఇంట్లోంచి మాత్రం గొంతు చించుకున్న ఏడుపు.

గడపలో వాళ్ళమ్మ రాట్నం తిప్పుతోంది. నన్ను చూసి లేవలేదు.

"వస్తివా? నువ్వు పెట్టిన సిచ్చు ఇనబడుతాందా? పొద్దున్నుంచి ఇదే. నాలుగు తూర్లు దారం తెగె. పక్కింటోళ్ళు 'ఆ బిడ్డ నోరు ముయ్యండి, మా పని సాగడంల్యా' అని తిట్టి పాయిరి."

"రాసినావా మళ్ళీ?"

ఆమె కాయ కాసిన చూపుడువేలును కొంగుకు తుడుచుకుంది. "రాద్దామని రెండు తూర్లు లేస్తిని" అంది. "వాడు సూస్తాండాడు."

లోపలికి వెళ్ళాను. చీకటి గది. గుంతలో కూర్చుని వాడు నేస్తున్నాడు, ఎర్ర పట్టు, జరీ అంచు. నన్ను చూసి తల ఊపాడు, చేతులు ఆపలేదు. కోడలు మూల కూర్చుని కండెలు చుడుతోంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తోంది.

ఆ రాత్రి హిందూపురం చేరాను. వారంపాటు ఇంటికొచ్చినవాళ్ళందరూ అడిగారు, యుద్ధంలో ఏం చూశావని. బాంబులు చూశావా, చైనావాళ్ళను చూశావా అని. లేదన్నాను. నిరాశపడి కాఫీ తాగి వెళ్ళిపోయారు. చూసింది చెబితే వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరి నాలుక మీద ఏముందో వెతకాలి. కొన్ని ఇళ్ళల్లో వెతికాను కూడా, తిట్లూ తిన్నాను.

నేను చూసింది ఇది. మగ్గం గుంతలో ఒక కుడిపాదం. వేళ్ళు లేవు, ముందు భాగం గుండ్రంగా, కొత్త చర్మంతో గులాబిరంగులో ఉంది. మడమతో పలక తొక్కుతోంది. ఉయ్యాల నుంచి ఒక పట్టుతాడు దిగివచ్చి ఆ పాదానికి చుట్టి ఉంది. పాదం కిందికి పోయిన ప్రతిసారీ ఉయ్యాల ఇటు వస్తుంది, పైకి లేచినప్పుడు అటు పోతుంది. బిడ్డ ఏడుపు మానలేదు. కళ్ళు పెద్దవిగా తెరిచి, దూలాన్ని చూస్తూ ఏడుస్తూనే ఉంది. పాదం తొక్కుతూనే ఉంది.